మూడో గేరులో ఆగిపోయిన బండి

పోయిన ఏడాది జూన్‌లో ఒక సోమవారం ఉదయం, జంగ్లీఘాట్ నుంచి పైకి ఎక్కే రోడ్డు మీద మా కారు మొండికేసింది. పూర్తిగా ఆగిపోయినా బాగుండేది, తోసుకుంటూ పక్కకి పెట్టేదాన్ని. ఇంజను చక్కగా తిరుగుతోంది, ఏసీ చల్లగా వస్తోంది, యాక్సిలరేటర్ తొక్కితే శబ్దం పెరుగుతోంది. బండి మాత్రం బస్తాలు మోస్తున్న ముసలి ఎద్దులా ఒక్కో అడుగే వేస్తోంది. వెనక బస్సు హారన్. ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజను బొమ్మ వెలిగింది, గేరు చూపించే చోట ‘డి’ అక్షరం మిణుకుమిణుకుమంటోంది.

ఆ వారం స్ట్రాంగ్ రూమ్ తాళాల్లో ఒక జత నా దగ్గర ఉంది. కాబట్టి ఎలాగోలా బ్రాంచికి చేరాల్సిందే. చేరాను. క్యాష్ తీశాక గానీ నా చేతులు వణుకుతున్నాయన్న సంగతి నాకే తెలియలేదు.

కారు పాడైతే ఇంత కంగారెందుకు, ఆటోలు లేవా, స్కూటర్ లేదా అని మీకు అనిపించవచ్చు. నేను పుట్టిన రోజుల్లో మన ఊళ్లలో పోలియో ఇంకా ఉండేది. నా ఎడమ కాలికి కాలిపర్ ఉంటుంది, క్లచ్ తొక్కే బలం ఆ కాలికి లేదు. అందుకే 2014లో విశాఖలో ఉన్నప్పుడు, స్టాఫ్ వెహికల్ లోన్ తీసుకుని, 2011 మోడల్ చిన్న ఆటోమేటిక్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండు పెడళ్లే, రెండూ కుడికాలి పనే. ముప్పై ఆరేళ్ల వయసులో మొదటిసారి ఎవరినీ అడగకుండా బీచ్ రోడ్డు దాకా వెళ్లి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు. 2023లో పోర్ట్ బ్లెయిర్‌కి బదిలీ అయినప్పుడు (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అంటున్నారు, మా బ్రాంచి ఖాతాదారుల నోట ఇంకా పాత పేరే) సామాను సగం వదిలేసి వచ్చాం గానీ కారును మాత్రం ఓడ ఎక్కించి తెచ్చుకున్నాం. ఏపీ 31 పోయి ఏఎన్ 01 వచ్చింది. పరాయి రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి బండి ఉంటే నంబరు మార్చుకోవాలన్నది చట్టం. బదిలీల మీద తిరిగే మనవాళ్లు చాలామంది దీన్ని పట్టించుకోరు, అందుకే గుర్తు చేస్తున్నాను.

ఆ వారంలోనే ఒక వర్క్‌షాప్‌లో చూపించాను. బండి కింద ఒకసారి, బానెట్ తీసి ఒకసారి చూసి, “గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి, లక్షా నలభై వేలు అవుతుంది, చెన్నై నుంచి రావాలి” అన్నారు. కారును ఆ రోజు అమ్మితే లక్షన్నర రావచ్చు, రాకపోవచ్చు. అప్పు ఇచ్చే ముందు ఆస్తి విలువ చూసే అలవాటున్న మనిషిని. ఈ లెక్కకి నేను శాంక్షన్ ఇవ్వలేనని నాకే తెలిసింది.

ఇంటికి వచ్చి అమ్మకి చెబితే, “ముందు జబ్బేమిటో తెలియకుండా ఆపరేషన్ ఏమిటే?” అంది. ఆ మాట నిజానికి ఈ వ్యాసానికంతటికీ సరిపోతుంది.

జబ్బేమిటో తెలుసుకోవాలంటే లోపల ఏముందో కొంచెం తెలియాలి. మామూలు కారులో ఎప్పుడు ఏ గేరు వేయాలో డ్రైవరు నిర్ణయిస్తాడు. ఆటోమేటిక్ కారులో మొదట్లో ఆ నిర్ణయమంతా నూనె ఒత్తిడి చేసేది. 1939లో జనరల్ మోటార్స్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అనే గేర్‌బాక్స్ పెట్టినప్పుడు అందులో కంప్యూటర్ ఊసే లేదు. వాల్వులు, స్ప్రింగులు, నూనె, అంతే. తరువాతి కాలంలో ఆ నిర్ణయం ఒక చిన్న పెట్టెకి అప్పగించారు. అదే ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్, పొట్టిగా టీసీఎం. మా మెకానిక్ భాషలో ‘గేరు కంప్యూటర్’. అరచేతికి కొంచెం పెద్దది, అరకిలో బరువు కూడా ఉండదు.

దాని పని మన కౌంటర్ల మీద జరిగేదానికి చాలా దగ్గర. నాలుగు చోట్ల నుంచి దానికి వోచర్లు వస్తాయి: యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, గేర్‌బాక్స్‌లోకి వచ్చే ఇరుసు ఎంత వేగంతో తిరుగుతోంది, బయటికి వెళ్లే ఇరుసు ఎంత వేగంతో తిరుగుతోంది, నూనె ఎంత వేడిగా ఉంది. గేరు లీవరు ఎక్కడుంది, బ్రేకు మీద కాలు ఉందా అన్నవి కూడా అందుతాయి. అన్నీ సరిచూసుకుని, గేర్‌బాక్స్ లోపలి సోలినాయిడ్లకి కరెంటు పంపుతుంది. సోలినాయిడ్ అంటే కరెంటు వస్తే కదిలే చిన్న వాల్వు. అది కదిలితే నూనె దారి మారుతుంది, ఆ నూనె ఒక క్లచ్‌ని బిగించి మరో క్లచ్‌ని వదులుతుంది, గేరు మారుతుంది. ఇంతా జరగడానికి సెకను కూడా పట్టదు.

ఇంకొక తెలివైన ఏర్పాటు ఉంది. తనకి అందుతున్న లెక్కలు పొంతన లేకపోతే, లేక తాను పంపిన కరెంటు చేరాల్సిన చోటికి చేరడం లేదని తేలితే, టీసీఎం చేతులెత్తేస్తుంది. సోలినాయిడ్లన్నిటికీ కరెంటు ఆపేస్తుంది. అప్పుడు మా కారులాంటి నాలుగు గేర్ల బండి దానంతటదే మూడో గేరులో నిలబడేలా నూనె దారులు తయారుచేశారు. రివర్స్, పార్కింగ్ పనిచేస్తాయి. లీవరును ‘2’కి లాగినా, ‘ఎల్’కి లాగినా లాభం లేదు. దీన్ని లింప్ మోడ్ అంటారు, అంటే కుంటి నడక. (నాకు ఆ పేరు వినగానే నవ్వొచ్చింది. బండికి నా తోడు దొరికిందన్నమాట.) లైను పోయినప్పుడు బ్రాంచిలో చిన్న పనులు మాత్రం నడుపుకుంటాం చూడండి, అలాంటిదే. ఇంటికో గ్యారేజీకో చేరడానికి ఇచ్చిన వెసులుబాటు అది, రోజూ తిరగడానికి కాదు.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. బండి నడుస్తోంది కదా అని మూడు రోజులు అలాగే బ్రాంచికి వెళ్లాను. నిలబడ్డ చోటు నుంచి మూడో గేరుతో, అందులోనూ ఈ ఊరి ఎత్తు రోడ్ల మీద బయలుదేరితే, ఇంజనుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ జారుతూ నూనెను కాచేస్తుంది. నూనె మాడితే క్లచ్ ప్లేట్లు పోతాయి. అప్పుడు ఆ లక్షా నలభై వేల మాట నిజంగానే నిజమయ్యేది.

నన్ను ఆపినవాడు గారాచర్మ దారిలో చిన్న షెడ్డు నడిపే మెకానిక్. వాళ్ల నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఇతను ఇక్కడే పుట్టాడు. తెలుగు మాట్లాడితే సగం సిక్కోలు, సగం హిందీ.

“మేడం, ఒక్కటి సెప్పండి. బండి ఆపేసి, తాళం తీసి, మళ్లీ స్టార్ట్ చేస్తే ఏటవుతంది?”

“కొంచెం సేపు బాగానే నడుస్తుంది. నాలుగైదు నిమిషాల తర్వాత మళ్లీ మొదలు.”

“అయితే గేరు డబ్బా పోనేదు మేడం. ప్లేట్లు అరిగిపోతే తాళం తిప్పితే బాగవుద్దా?”

ఆ ఒక్క ప్రశ్న పెద్ద వర్క్‌షాప్‌లో ఎవరూ అడగలేదు. లోపలి ఇనుము అరిగితే ఆపి తీసినా అరిగే ఉంటుంది. ఆపి తీస్తే బాగవుతోందంటే, కంప్యూటర్ తన ఫిర్యాదును మరిచిపోయి మొదటి నుంచి ప్రయత్నిస్తోందని అర్థం. తగాదా కరెంటు వైపు ఉండే అవకాశం ఎక్కువ. అతను నూనె కొలపుల్ల తీసి చూశాడు. ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు. మూడు రోజుల నా నిర్వాకం తర్వాత కూడా.

తరువాత కోడ్ చదవడం. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ స్కానర్ అందులో గుచ్చి ఫోన్‌లో చూసుకోవచ్చు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఆ పని అదే చేసింది. వచ్చిన కోడ్ పి0700. వెతికితే, ఆ నంబరుకి అర్థం ‘ట్రాన్స్‌మిషన్ వ్యవస్థలో లోపం’ అని ఉంది. అది మాకు ముందే తెలుసు! అసలు కిటుకు ఏమిటంటే, చవక స్కానర్లు చాలావరకు ఇంజను కంప్యూటర్‌తోనే మాట్లాడతాయి. పి0700 అంటే ఇంజను కంప్యూటర్ “నన్నడగొద్దు, గేరు కంప్యూటర్ దగ్గర ఫిర్యాదు ఉంది, దాన్నే అడగండి” అనడం. ఆడిట్ రిపోర్టులో ‘వివరాలకు అనుబంధం చూడుడు’ అన్నట్టు. ఆ అనుబంధం చదవాలంటే టీసీఎంతో మాట్లాడగల స్కానర్ కావాలి. మెకానిక్ తన స్నేహితుడి దగ్గర నుంచి తెచ్చాడు. అప్పుడు వచ్చింది అసలు కోడ్, పి0753. మొదటి షిఫ్ట్ సోలినాయిడ్ కరెంటు దారిలో లోపం.

కోడ్ రాగానే ఆ పేరున్న వస్తువు మార్చేయడం చాలామంది చేసే పని. కోడ్ దొంగను చూపించదు, దొంగతనం జరిగిన వీధిని చూపిస్తుంది. పి0753 వచ్చిందంటే సోలినాయిడ్ పోయి ఉండవచ్చు, మధ్యలో తీగ తెగి ఉండవచ్చు, ప్లగ్ పిన్ను తుప్పు పట్టి ఉండవచ్చు, టీసీఎంకి కరెంటే సరిగా అందకపోవచ్చు, లేదా టీసీఎం లోపలే పోయి ఉండవచ్చు. మాడ్యూల్‌ను అన్నిటికన్నా ఆఖర్న అనుమానించాలి. ఎందుకంటే అదే ఖరీదైనది, పైగా అది పోయిందని నేరుగా తేల్చే పరీక్ష ఏదీ లేదు. మిగతావన్నీ నిర్దోషులని తేలితేనే అది దోషి.

మా బండిలో టీసీఎం ముందు సీటు ప్రయాణికుడి ఎడమ కాలి పక్కన, ప్లాస్టిక్ పలక వెనక ఉంది. కొన్ని కార్లలో ఇంజను పక్కన ఉంటుంది, మరికొన్నిటిలో గేర్‌బాక్స్ లోపలే నూనెలో మునిగి ఉంటుంది. లోపల ఉన్నదైతే ఇంటి దగ్గర షెడ్డు పని కాదు. మాది అదృష్టం. ప్లగ్ ఊడదీసి, మల్టీమీటర్‌తో అతను చేసిన పరీక్షలు నేను డైరీలో రాసుకున్నాను:

తాళం తిప్పి ఉంచితే ప్లగ్‌కి బ్యాటరీ నుంచి 12.4 వోల్టులు వస్తున్నాయి. బాగుంది. సోలినాయిడ్ చుట్ట నిరోధం సుమారు 13 ఓమ్‌లు, పక్కదానిదీ అంతే. బాగుంది. (ఈ అంకె అన్ని బండ్లకీ ఒకటి కాదు. కొన్ని రకాల సోలినాయిడ్లకి 3 నుంచి 5 ఓమ్‌లే ఉంటుంది. మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్నదే ప్రమాణం.) ఎర్త్ తీగ దగ్గర, ఇంజను నడుస్తుండగా, 0.6 వోల్టు. ఇది బాగోలేదు. ఎర్త్ దగ్గర పదో వంతు వోల్టు కూడా కనిపించకూడదు. కనిపిస్తోందంటే తిరుగు దారిలో కరెంటుకి అడ్డం ఉందని.

కార్పెట్ ఎత్తి చూస్తే ఎర్త్ బోల్టు చుట్టూ పచ్చటి తుప్పు. దాన్ని ఊడదీసి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగించాడు. బండి గుర్రంలా పరుగెత్తింది. మూడు వందలు తీసుకున్నాడు. మర్నాడు బ్రాంచిలో లడ్డూలు పంచాను. లక్షా నలభై వేలు మిగిలాయి మరి.

పదకొండు రోజులు. పన్నెండో రోజు సాయంత్రం, కుండపోత వానలో, అమ్మాయిని ట్యూషన్ నుంచి తీసుకొస్తుండగా మళ్లీ ‘డి’ మిణుకుమంది.

ఈసారి ఎర్త్ దగ్గర 0.03 వోల్టు. దారి శుభ్రంగా ఉంది. సోలినాయిడ్ పాత అంకె. బ్యాటరీ నుంచి నేరుగా ఒక్క క్షణం కరెంటు తగిలిస్తే సోలినాయిడ్ ‘టక్’మంది, అంటే బతికే ఉంది. టీసీఎం నుంచి సోలినాయిడ్ దాకా తీగ ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఇంకో తీగకి తగలడం లేదు. కానీ టీసీఎం ఆ తీగ మీద 12 వోల్టులు పంపాల్సిన క్షణంలో సున్నా. వోచర్ సరిగ్గా ఉంది, లైను బాగుంది, అవతల మనిషి సిద్ధంగా ఉన్నాడు, సంతకం పెట్టాల్సిన ఆఫీసరు చెయ్యే కదలడం లేదు. పెట్టె విప్పి చూస్తే, పచ్చటి సర్క్యూట్ బోర్డు ఒక మూల మీద ఉప్పు పొర కట్టినట్టు తెల్లగా ఉంది. ఆ మూల ఉన్నదే ఆ సోలినాయిడ్‌ని నడిపే చిప్పు.

ఇక్కడి నుంచి నా ఆరు వారాల కథ మొదలవుతుంది. కాలిపర్‌తో ఆటో ఎక్కడం దిగడం పెద్ద విషయం కాదు, వాన లేకపోతే. మన విశాఖలో ఏడాదికి పడే వానకి దాదాపు మూడు రెట్లు ఇక్కడ పడుతుంది, మే నుంచి డిసెంబరు దాకా ఏదో ఒక రుతుపవనం నెత్తి మీదే ఉంటుంది. ఒకసారి తడిసిన మెట్టు మీద జారి మోకాలు కొట్టుకుంది. ఆ రాత్రి కూర్చుని, ఆరోగ్య కారణాల వల్ల విశాఖకి బదిలీ చేయమని రీజినల్ ఆఫీసుకి దరఖాస్తు రాశాను. పంపలేదు. అది ఇంకా సొరుగులోనే ఉంది.

టీసీఎంకి మూడు దారులు. ఒకటి, కొత్తది. బండి వయసు పదిహేనేళ్లకు దగ్గరపడింది కాబట్టి ఆ నంబరు పార్టు తయారీ ఆగిపోయింది, ఎక్కడా స్టాకు లేదన్నారు. రెండు, ఉన్న బోర్డునే బాగుచేయించడం. చిప్పు మార్చేవాళ్లు ఉన్నారు. కానీ తుప్పు చిప్పు కింద రాగి గీతల్లోకి దిగిపోతే ఈ రోజు పనిచేసినా వచ్చే వానాకాలం దాకా ఉంటుందన్న భరోసా లేదు. పొడి ఊరిలో ఉండి ఉంటే నేను ఇదే చేసేదాన్ని. ఇక్కడ ధైర్యం చాలలేదు. మూడు, విప్పిన కార్ల నుంచి వచ్చే పాత మాడ్యూల్.

మూడో దారిలో నేను తొందరపడ్డాను. ఆన్‌లైన్‌లో ఒకతను “అదే కారు, అదే మోడల్, ప్లగ్ అదే” అంటే 5,500 పంపేశాను. వారానికి వచ్చింది. ప్లగ్ సరిగ్గా కూర్చుంది. బండి కదిలింది కూడా. కానీ రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు ఎవరో వెనక నుంచి గుద్దినట్టు కుదుపు, కోడ్ ఈసారి పి0730, అంటే గేరు నిష్పత్తి లెక్క కుదరడం లేదని. లేబుళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే పార్టు నంబరు చివర రెండు అక్షరాలు తేడా. అది అదే కారులో వేరే ఇంజనుకి చేసిన మాడ్యూల్. పెట్టె ఒకటే, ప్లగ్ ఒకటే, లోపలి ప్రోగ్రాము వేరు. అతను తిరిగి తీసుకోలేదు. కేవైసీ లేకుండా ఖాతా తెరవనని రోజూ పదిమందికి చెప్పే నేను, పార్టు నంబరు చూడకుండా డబ్బు పంపాను. మెకానిక్ ఏమీ అనలేదు. “పోన్లెండి మేడం” అన్నాడు. అది ఇంకా ఎక్కువ బాధించింది.

అందుకే పాత మాడ్యూల్ కొనేవారు దాని మీది లేబుల్ ఫోటో అడగండి. మీ మాడ్యూల్ మీద ఉన్న ప్రతి అంకె, ప్రతి అక్షరం, చివరిదాకా కలవాలి. “సూట్ అవుతుంది” అన్న మాట నమ్మకండి.

నంబరు కలిసినా పని సగమే అయినట్టు. మాడ్యూల్ లోపల ఆ బండి ఛాసిస్ నంబరు, ఆ బండి రకానికి సంబంధించిన సెట్టింగులు, ఇన్నాళ్లూ ఆ బండి క్లచ్‌ల అరుగుదల చూసి నేర్చుకున్న లెక్కలు ఉంటాయి. వేరే బ్రాంచి నుంచి వచ్చిన ఉద్యోగి పాత సోల్ ఐడీతో మన సిస్టంలో లాగిన్ అవ్వాలని చూసినట్టే. కొన్ని బండ్లు ఒప్పుకుంటాయి, చాలా బండ్లు ఒప్పుకోవు. కంపెనీ స్కానర్‌తో కొత్తగా ప్రోగ్రాము రాయించాలి. లేదా ఇంకో ఉపాయం, క్లోనింగ్. పాత మాడ్యూల్ జ్ఞాపకం మొత్తం చదివి, రెండో మాడ్యూల్‌లోకి యథాతథంగా రాయడం. మా మాడ్యూల్‌లో పోయింది సోలినాయిడ్‌ని నడిపే చిప్పు, జ్ఞాపకం ఉన్న చిప్పు కాదు. కాబట్టి చదవడానికి వీలుంది. ద్వీపంలో ఉన్నవాళ్లకి ఇదే సుఖం, ఎందుకంటే కారును కదిలించకుండా అరకిలో పెట్టెను మాత్రం పంపితే చాలు.

చెన్నై పుదుపేట పేరు కార్లు ఉన్నవాళ్లు వినే ఉంటారు, పాత విడిభాగాలకి పెద్ద బజారు. చెన్నైలో మన బ్యాంకులోనే పనిచేసే నా బ్యాచ్‌మేట్ ఒక శనివారం ఎండలో నాలుగు దుకాణాలు తిరిగి, నంబరు అక్షరం తేడా లేకుండా ఉన్న మాడ్యూల్ పట్టింది. ఏడు వేలు. నేను పాతదాన్ని స్పీడ్ పోస్టులో పంపాను. బబుల్ కవరు చుట్టే ముందు, ఒంటి మీది స్థిర విద్యుత్తు బోర్డును చంపకుండా యాంటీ స్టాటిక్ సంచిలో పెట్టాలి. మా కంప్యూటర్ల వెండర్ దగ్గర అలాంటి సంచి ఊరికే దొరికింది. అక్కడ క్లోనింగ్ చేయించి తిప్పి పంపింది. విమానంలో వచ్చే స్పీడ్ పోస్టు కాబట్టి సరిపోయింది. చెన్నై నుంచి ఇక్కడికి 1,190 కిలోమీటర్ల సముద్రం, ఓడకి సుమారు మూడు రోజుల ప్రయాణం, అదీ ఓడ ఉన్నప్పుడు.

బిగించడం అరగంట పని. కానీ వరస తప్పకూడదు. తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి, కనీసం మూడు నిమిషాలు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో నిలవ ఉన్న కరెంటు దిగాలి కదా. మాడ్యూల్ ముట్టుకునే ముందు చేత్తో బండి ఇనుమును తాకాలి. పిన్నులను వేళ్లతో ముట్టుకోకూడదు, చెమటలో ఉప్పుంటుంది. ప్లగ్ లాక్ ‘క్లిక్’మనేదాకా నొక్కాలి. బ్యాటరీ తగిలించాక ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, స్కానర్‌తో టీసీఎం పలుకుతోందా లేదా చూసి, పాత కోడ్లు చెరిపేయాలి. అప్పుడు స్టార్ట్. బ్రేకు మీద కాలు గట్టిగా ఉంచి, పి, ఆర్, ఎన్, డి ఒక్కోదానిలో మూడు నాలుగు సెకన్లు ఉంచి చూడాలి. ప్రోగ్రాము రాయించేవారైతే ఇంకొకటి కూడా చూసుకోవాలి. రాసేంతసేపూ బ్యాటరీకి చార్జర్ తగిలించి ఉంచమనండి. మధ్యలో వోల్టేజీ పడిపోతే అప్పటిదాకా బాగున్న మాడ్యూల్ కూడా పోతుంది.

మొదటి రోజు గేర్లు కొంచెం కుదుపుగా మారాయి. నేను బిక్కమొహం వేస్తే, “నేర్సుకోనీండి మేడం, కొత్త గుమస్తా” అన్నాడు. నేర్చుకున్న లెక్కలు చెరిపి కొత్తగా మొదలుపెట్టించాడు కాబట్టి, యాక్సిలరేటర్ తేలిగ్గా, ఒకే తీరుగా తొక్కుతూ కొంత దూరం తిప్పాలి. ఊళ్లో ఎత్తుపల్లాల మీద అది కుదరదు. ఆదివారం అమ్మనీ అమ్మాయినీ ఎక్కించుకుని వండూర్ దాకా వెళ్లొచ్చాం, పోనూ రానూ సుమారు అరవై కిలోమీటర్లు. తిరిగి వచ్చేటప్పుడు గేరు ఎప్పుడు మారిందో తెలియలేదు. అమ్మ నిద్రపోయింది.

లెక్క చెప్పకపోతే మనవాళ్లు ఊరుకోరు. ఎర్త్ శుభ్రం 300, తప్పు మాడ్యూల్ 5,500, సరైన మాడ్యూల్ 7,000, క్లోనింగ్ 3,500, పోస్టు 400, మెకానిక్ కూలి 2,500. మొత్తం రూ. 19,200. ఆరు వారాల ఆటోలకి ఇంకో తొమ్మిది వేల దాకా. బీమా నుంచి పైసా రాదు. మామూలు మోటారు పాలసీల్లో యాంత్రిక, విద్యుత్ లోపాల వల్ల పాడైతే చెల్లించరు. ప్రమాదం లాంటివి జరిగితేనే చెల్లిస్తారు. అడిగి చూశాను, మర్యాదగా అదే చెప్పారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది మిగిలింది. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? అది తేల్చకుండా కొత్త మాడ్యూల్ పెడితే, అదీ వచ్చే ఏడాది ఇదే దారి పట్టేది. మా క్వార్టర్స్ ముందు పడౌక్ చెట్టు నీడలో కారు పెడతాను. అద్దం తుడిచే వైపర్ల కింద, బానెట్ అంచున ఒక తొట్టిలాంటి చోటు ఉంటుంది. అద్దం మీద పడ్డ నీరు అందులోకి దిగి, రెండు పక్కలా ఉన్న రంధ్రాల గుండా నేల మీదకి పోవాలి. ఎడమవైపు రంధ్రం ఆకులతో, మట్టితో పూర్తిగా పూడిపోయింది. నీరు నిండి, ఏసీకి గాలి పీల్చుకునే మార్గం గుండా లోపలికి కారి, తీగల కట్ట వెంట జారి, నేరుగా టీసీఎం ప్లగ్‌లోకి. సముద్రం పక్క ఊరు కాబట్టి ఆ తడికి ఉప్పుగాలి కూడా తోడు.

ఏప్రిల్ నుంచే బండి నాకు చెబుతూ ఉంది. పొద్దున్నే అద్దాలు లోపలి నుంచి ఆవిరి పట్టేవి. తడిగుడ్డ మూటగట్టి పెట్టినట్టు వాసన వచ్చేది. నేను డ్యాష్‌బోర్డు మీద సుగంధం డబ్బా ఒకటి పెట్టాను.

ఆకులు తీశాడు, మగ్గుతో నీళ్లు పోసి కింద నుంచి ధారగా పోతున్నాయా చూపించాడు. కార్పెట్ రెండు రోజులు ఎండలో పడేశాం. టీసీఎం దగ్గరి తీగల కట్టని ఒక వంపు కిందకి వదిలి, తరువాత పైకి తీసుకెళ్లి ప్లగ్‌కి కలిపాడు. మళ్లీ నీరు వచ్చినా ఆ వంపు దగ్గర బొట్టుబొట్టుగా రాలిపోవాలి గానీ ప్లగ్‌లోకి ఎక్కకూడదు. ఈ పనికి అతను డబ్బు తీసుకోలేదు. ఇదే లేకపోతే మిగతా పంతొమ్మిది వేలూ నీళ్లలో పోసినట్టే.

ఈ నవంబరుతో బండికి పదిహేనేళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవాలి. దానికి కావలసిన కాగితాలు ఒక ఫైలులో పెట్టాను. మే మొదటి వారంలో, వానలు రాకముందే, అమ్మాయి పాత టూత్‌బ్రష్ పట్టుకుని వైపర్ల కింద ఆకులు తీసింది. గుప్పెడు వచ్చాయి.